ఆక్షేపణ ఉన్నవారు లేవవచ్చు

దేముడమ్మ మొగుడి తెల్లచొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. తిరుమలరావు గదిలో అటూ ఇటూ తిరుగుతూ ప్రసంగం వల్లిస్తున్నాడు. మంత్రి కాబోయేవాణ్ణి ప్రమాణస్వీకారానికి ముందే పార్లమెంటు కమిటీ నిలదీయాలట, మామూలు జనం కూడా లేచి ఆక్షేపణ చెప్పాలట. కొన్ని దేశాల్లో ఉందట, మనకి లేదట. పొలిటికల్ సైన్సు లెక్చరరు కదా, ద్వారకానగర్‌లో హాలు మాట్లాడి పిల్లల చేత ఉత్తుత్తి విచారణ పెట్టిస్తున్నాడు. విద్యామంత్రి నామినీ, అంటే ఆ పదవికి పేరు ప్రతిపాదించినవాడు, ఆయనే. అడిగేవాళ్ళు లేని ఇంట్లో పాతికేళ్ళుగా మంత్రే, కొత్తగా వేషం కట్టేదేముంది అనుకుంది దేముడమ్మ.

"నువ్వూ రా. ముందు వరసలో కూకో. నాను మాటాడతన్నప్పుడు మజ్జలో లెగకు," అన్నాడు. స్టేజీ ఎక్కితే మాత్రం ఆ 'నాను' చక్కగా 'నేను' అయిపోతుంది.

విచారణకి అధ్యక్షురాలు హిమబిందు, ఆయన దగ్గరే చదివే ఫైనలియర్ పిల్ల. "సార్, ఏ స్త్రీ ఉద్యోగానికైనా మీరు అడ్డుపడ్డారా?" అని అడిగింది.

తిరుమలరావు నవ్వాడు. "మా ఆవిడకే టీచరు పోస్టు వచ్చిందమ్మా. సంసారం కోసం తనే వదులుకుంది. ఆ త్యాగం ముందు నేనెంత?"

హాలంతా చప్పట్లు. అందరి కళ్ళూ ఆమె మీదే. అలవాటైన నవ్వు పిలవకుండానే ముఖం మీదికి వచ్చేసింది. ఆ నవ్వు వచ్చినందుకే ఆమెకి ఏడుపొచ్చింది.

వదులుకుందా? కౌన్సెలింగ్‌కి వారం ముందు జెరాక్సులు తీయిస్తానని ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకెళ్ళాడు. తీరా ఆ రోజు పొద్దున్న అడిగితే కాలేజీ బీరువాలో ఉన్నాయన్నాడు. ఆదివారం. తాళంచెవి ప్యూనుతో పాటు ఊరెళ్ళిపోయింది. "మర్సిపోనానే. వచ్చే డీఎస్సీకి రాద్దువుగాన్లే." పక్కనుంచి అత్తగారు, "కోడలు బడికెల్తే ఇంట్లో పొయ్యెవరు ఎలిగిత్తారు?" వచ్చే డీఎస్సీకి కడుపు, ఆ పైదానికి అత్తగారి పక్షవాతం, ఆ తరవాతిది వచ్చేసరికి వయసు దాటిపోయింది. మర్చిపోయాడనే ఇన్నాళ్ళూ నమ్మింది. నమ్మకపోతే ఆ ఇంట్లో అన్నం ఎలా సహిస్తుంది? ఇవాళ ఆయన మాటల్లో ఆ మర్చిపోవడం కూడా లేదు. ఉద్యోగం ఎలాగూ పోయింది. అది చేజారిపోయిందన్న దుఃఖమైనా తనదిగా ఉండేది. దాన్ని కూడా త్యాగమని పేరు పెట్టి పట్టుకుపోతున్నాడు.

"ఆక్షేపణ ఉన్నవారు లేవవచ్చు. మీ పేరు, నామినీ మీకు ఎన్నాళ్ళుగా తెలుసో చెప్పండి. రికార్డులో రాస్తాం," అంది హిమబిందు.

దేముడమ్మ లేచింది. తిరుమలరావు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "నీకేటి? కూకో. పబ్లిక్‌ని అడగనీ," అన్నాడు నవ్వు చెదరకుండా.

కూర్చుంటే ఆ చప్పట్లే నిజమైపోతాయని భయమేసింది. ఆయన వైపు చూడలేదు.

"రాసుకోమ్మా," అంది హిమబిందుతో. "నా పేరు దేముడమ్మ. నామినీ నాకు పాతికేళ్ళుగా తెలుసు. ఆ ఉజ్జోగం నాను వొదల్లేదు."