నూట ఇరవై గుడ్లు, ఒక పాత లైను

ఉదయం తొమ్మిదీ పదికి కరెంటు ఆఫీసు ఇన్‌స్పెక్టరు ఆ ఇంటి మెయిన్ ఆపేసింది. వెనక గదిలో గుడ్లు పొదిగే పెట్టె దీపం ఆరిపోయింది. పెట్టెలో నూట ఇరవై కోడిగుడ్లున్నాయి. పెట్టి పంతొమ్మిది రోజులైంది. పిల్లలు రావడానికి ఇంకా రెండు రోజులు.

"ఇరవై నిమిషాలే. కరెంటు ఉండగా కొలవకూడదు," అంది ఇన్‌స్పెక్టరు.

కోడలు పెట్టె మీద రెండు దుప్పట్లు కప్పి, గాజు లోంచి థర్మామీటరు చూసింది. ముప్పై ఏడున్నర. గుడ్లు ఆమెవి. ఉద్యోగం మానేసి మొదలుపెట్టిన పనిలో ఇది మొదటి విడత. రెండో పెట్టె కోసం లోడు పెంచమని అర్జీ పెట్టిందీ ఆమే. అర్జీ పెడితే తనిఖీకి వస్తారని, కొత్త రూలు ప్రకారం పాత ఇళ్లన్నీ వైరింగు మార్చాల్సిందేనని పక్కింటాయన నెల రోజులుగా చెవిలో జోరీగలా చెబుతున్నాడు. ఇల్లంతా మార్చడమంటే నాలుగు రోజులు కరెంటుండదు. నాలుగు రోజులాగితే ఆ గుడ్లు కూరక్కూడా పనికిరావు.

ఆ ఇంటికి నలభై ఒక్క ఏళ్ల కిందట వైరింగు చేసింది మామగారే. రిటైరైన వైర్‌మన్.

"మీ రూలొచ్చి పదకొండేళ్లు," అన్నాడాయన. "నా వైరింగు దానికి తాత. తాతని పట్టుకెళ్లి బళ్లో వేస్తారా?"

"వెయ్యం," అంది ఇన్‌స్పెక్టరు నవ్వి. "రూలు రాకముందు వేసింది అప్పటి పద్ధతిలో ఉండి, ప్రమాదం లేకపోతే అలాగే ఉండొచ్చు. తర్వాత కలిపింది మాత్రం కొత్త పద్ధతిలోనే ఉండాలి. ఏమైనా కలిపారా?"

"స్క్రూ కూడా కలపలేదు."

ఆమె బోర్డులు విప్పింది. మామగారికో అలవాటుంది. ఏ బోర్డు బిగించినా మూత లోపల పెన్సిల్‌తో తేదీ వేస్తాడు. హాల్లో బోర్డు, నలభై ఒక్క ఏళ్లు. వంటగదిలో, అదే వారం. మీటరు పెట్టి కొలిచింది. రెండూ పాసు. కోడలికి ప్రాణం లేచొచ్చింది.

వెనక గది బోర్డు మూత తిప్పితే మూడేళ్ల కిందటి తేదీ ఉంది.

మామగారు దాన్ని ఎవరి దస్తూరీయో అన్నట్టు చూశాడు. అప్పుడు కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఇస్త్రీ కోసం బట్టలు హాల్లోకి మోస్తోందని ఒక మధ్యాహ్నం ఆ ప్లగ్గు పెట్టి, మరిచిపోయాడు. పొదిగే పెట్టె ఇప్పుడు దాని మీదే నడుస్తోంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది అత్తగారు. "మీరు తేదీ వేసి మరీ పట్టుబడ్డారు."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "లైట్ల లైనులోంచి లాగారు. ఎర్త్ తీగ లేదు. లీకేజీ వస్తే ట్రిప్పయ్యే స్విచ్చు లేదు. దీనికి కరెంటివ్వను. మెయిన్ నుంచి వేరే లైను రావాలి."

"ఇల్లంతా మార్చక్కర్లేదా?" అంది కోడలు.

"ఎవరన్నారు? ఈ ఒక్కటే."

"అంతవరకు పెట్టెని హాల్లో పెట్టుకుంటా."

"హాల్లో రెండు కాళ్ల ప్లగ్గమ్మా. మీది ఇనుప పెట్టె. ఎర్త్ లేకుండా వద్దు." ఆమె గడియారం చూసుకుంది. "ఈ వీధిలో ఇంకో రెండిళ్లున్నాయి. పన్నెండుకొస్తా. అప్పటికి కాకపోతే మళ్లీ వచ్చే వారమే. లైసెన్సున్నవాళ్లే వెయ్యాలి."

మామగారు బీరువాలోంచి కార్డు తెచ్చి చూపించాడు. రిటైరయ్యాక కూడా ఏటా రెన్యువల్ చేయించాడు. డిసెంబరు దాకా చెల్లుతుంది.

పావుతక్కువ పదికి కోడలు బండి మీద షాపుకెళ్లింది. పదీ పదిహేనుకి పదిహేను మీటర్ల మూడు తీగల వైరు, ట్రిప్ స్విచ్చు తెచ్చింది. ఆమె నిచ్చెన మీద, మామగారు కింద, అత్తగారు థర్మామీటరు దగ్గర.

"ముప్పై ఆరూ ఎనిమిది!" అత్తగారు క్రికెట్ స్కోరు చెప్పినట్టు అరిచింది.

"అమ్మాయ్, పచ్చ తీగ వదలకు, లాగు!"

"లాగుతున్నా మామయ్యా, మూల దగ్గర పట్టేసింది!"

"ముప్పై ఆరు! మీ నోళ్లంత జోరుగా చేతులు కదిలితే ఈపాటికి అయిపోయేది!"

పదకొండూ ఇరవైకి అత్తగారు పెట్టెకి చెవి ఆనించింది. "ఆగండాగండి! లోపలేదో కూసింది!"

కోడలు నిచ్చెన దిగి పరుగెత్తింది. ముగ్గురూ దుప్పటికి చెవులు పెట్టారు. కీచుమంది. ఇంకోటి జవాబిచ్చింది.

"గుడ్డులోంచే కబుర్లు! ఇది మీ వంశమే," అంది అత్తగారు భర్తతో.

"నిచ్చెనెక్కు తల్లీ," అన్నాడాయన. స్క్రూడ్రైవరు మళ్లీ అందుకున్నాడు. గొంతులో నవ్వుంది.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా ఇన్‌స్పెక్టరు వచ్చింది. పాత ప్లగ్గు గోడ మీద లేదు. ఆమె కొత్త లైను ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది, ఎర్త్ కొలిచింది. మెయిన్ వేసి, మీటరుతో కావాలనే లీకేజీ ఇచ్చింది. టక్కున ట్రిప్పయింది.

"సెకనులో నలభయ్యో వంతు," అంది మీటరు చూసి.

"ఈ ఇంట్లో ఇంత త్వరగా నా మాట విన్నవాళ్లు లేరు," అన్నాడు మామగారు.

పన్నెండూ ఏడుకి పెట్టె దీపం వెలిగింది. థర్మామీటరు ముప్పై నాలుగూ తొమ్మిది. కోడలు అక్కడే నేల మీద కూర్చుని గాజు లోంచి చూస్తూ ఉండిపోయింది. ఒంటిగంటకు ముప్పై ఏడున్నర అయింది.

ఇన్‌స్పెక్టరు ఇచ్చిన కాగితంలో మూడు వాక్యాలున్నాయి. పాత వైరింగు యథాతథంగా ఉండవచ్చు. వెనక గది లైను కొత్త నిబంధనల ప్రకారం ఉంది. లోడు పెంపు మంజూరు.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం ఆరింటికి కోడలు లెక్కపెట్టింది. నూట నాలుగు పిల్లలు.