పనసచెక్క పెట్టె

సాయంత్రంలోగా తేల్చి చెప్పమన్నాడు మా తమ్ముడు లోహిత్. వాడికి తొందర ఎక్కువ, నాకు ఓపిక తక్కువ. ఒకే తల్లి బిడ్డలం, ఎవరిని ఏమని అంటాం. మా చిన్న ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాడిది, డ్రమ్ము ప్యాడ్లు తారక్ అనే కుర్రాడివి, పాట నాది, గిటారు మా బావది. బావ అంటే నానాజీ, మా మేనత్త కొడుకు, నా మొగుడు. తగువంతా ఆయన గిటారు పెట్టె గురించి.

ఆ పెట్టె సంగతి ముందు చెప్పాలి. గిటారు శబ్దం బయటికొచ్చే స్పీకరు పెట్టె అది. కొట్లో దొరికేవి ప్లైవుడ్డుతో చేస్తారు. మా బావకి మాత్రం తుమ్మపాలలో సత్తియ్య అనే వడ్రంగి దొరికాడు. వీణలు పనసచెక్కతో చేస్తారు కాబట్టి గిటారు పెట్టె కూడా పనసతోనే చెయ్యాలని ఆయన తీర్మానించాడు, బావ తలూపాడు. తీరా తయారయ్యాక చూస్తే ఇద్దరు పడితే గాని లేవదు. కోటవురట్ల పెళ్ళికి వెళ్ళినా, చీడికాడ తీర్థానికి వెళ్ళినా, ముందు పెట్టె ఆటో ఎక్కాలి, మిగిలిన చోటులో మనుషులం సర్దుకోవాలి. నా మంచి చీరలు రెండు దాని మేకులకి బలైపోయాయి.

ఇప్పుడు బైపాస్ రోడ్డు మీద కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు వాళ్ళు ప్రతి శనివారం వచ్చి పాడమన్నారు. షరతు ఒకటే. స్టేజీ మీద స్పీకరు పెట్టెలు మోగకూడదు. ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళు తలనొప్పి అంటున్నారట. మేమందరం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, వైర్లు నేరుగా శబ్దాలన్నీ కలిపే మిక్సర్‌కి కలపాలి. దానికోసమే లోహిత్ ఒక పెడల్ తెచ్చాడు. అరచెయ్యంత ఉంది. పేరున్న గిటారు పెట్టెలు ఏవేవి ఎలా మోగుతాయో అదంతా కాపీ తీసి అందులో పెట్టారట. గిటారు వైరు దానికి తగిలించి, కావలసిన పెట్టె పేరు నొక్కితే చాలు, అందులోంచి వచ్చినట్టే వస్తుంది. మోత బరువు లేదు, ఆటో గొడవ లేదు. నాకు చూడగానే నచ్చింది.

"అందులో నా గిటారు లేదు," అన్నాడు బావ.

"జనానికి తేడా తెలవదు బావా," అన్నాడు లోహిత్.

"నాకు తెలుత్తాది."

"తెలిత్తే ఇంటికాడ ఉండు. నర్సీపట్నం కుర్రోడొకడున్నాడు, పెడల్ మీదే వాయిత్తాడు. సాయంత్రం వత్తాను, ఏదో ఒకటి సెప్పీండి."

వాడు బండెక్కి పోయాడు. నేను మెట్ల మీదే నిలబడిపోయాను. పెళ్ళికి ముందు నుంచీ బావ గిటారు పక్కన తప్ప నేను పాడి ఎరగను. ఎవడో కుర్రాడి పక్కన నిలబడి పాడాలనే మాటకే ఒళ్ళు మండింది. బావ మొండితనానికి అంతకన్నా మండింది. నాకు శనివారాలూ కావాలి, బావా కావాలి.

గవరపాలెంలో మా మేడ మీద రేకుల షెడ్డే మా రిహార్సల్ గది. పాత స్టేజీ బల్లలు కొన్ని తెచ్చి నేల మీద పరిచి, పెట్టెని వాటి మీదే ఉంచాం. బావ అక్కడ కూర్చుని, ఏమీ పట్టనట్టు తీగలు మారుస్తున్నాడు. నాకు ఒక్కచోట కాలు నిలవలేదు. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టాను. కిందకి పోయి పాలు పెట్టి, పైకి వచ్చి, పాలు పొంగిన వాసనకి మళ్ళీ కిందకి పరిగెత్తాను. పొయ్యి తుడుస్తుంటే తోచింది. ఆ గుడ్డ చేత్తోనే పైకి వచ్చేశాను.

"బావా, ఇటు తిరుగు. పరీచ్చ పెడతాను. నిజంగా తేడా తెలిత్తే నీ తరపున నేనే ఆడితో తగువాడతాను. తెలకపోతే నోరు మూసుకుని పెడల్ తొక్కు."

నవ్వి సరే అన్నాడు. పై తీగల మీద చిన్న ముక్క ఒకటి వాయించాడు. అదే ముక్క మళ్ళీ మళ్ళీ తిరిగేలా రికార్డు చేశాను. దాన్ని ఒకసారి పనస పెట్టెలోంచి వదలాలి, ఒకసారి పెడల్ ద్వారా గోడకున్న స్పీకర్లలోంచి వదలాలి. ఆయన గోడవైపు తిరిగి, అరికాళ్ళు బల్లల మీద ఆనించి కూర్చున్నాడు.

"పెట్టె," అన్నాడు. పెట్టే. "పెడల్." పెడలే. "మళ్ళీ పెడల్. ఏటి, ఏమారుత్తన్నావా?"

ఒక్కటీ తప్పలేదు. వింటున్న నాకే రెండూ ఒకలా ఉన్నాయి, పాట పాడి బతుకుతున్నదాన్ని. ఏం చెవి ఇచ్చాడురా దేవుడు అని మురిసిపోయాను. ఇదంతా వీడియో తీసి లోహిత్ మొహాన కొట్టాలనిపించింది. బల్లల దగ్గర వెలుతురు చాలక, బావని గుమ్మం దగ్గర నవారు మంచం మీద కూర్చోమన్నాను. అటు తిరిగి మఠం వేసుకుని కూర్చున్నాడు. నేను ఫోను పట్టుకుని పెడల్ వదిలాను.

"పెట్టె," అన్నాడు.

ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. పెట్టె వదిలాను. "పెడల్" అన్నాడు. ఇది ఆట కాదని తోచి, శబ్దం కొంచెం తగ్గించి మళ్ళీ పెడల్ వదిలాను. ఆ ముక్క సన్నగా తిరుగుతూనే ఉంది. ఆయన ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"పెట్టవే," అన్నాడు.

నేను గోడకున్న స్పీకర్ల కేసి చూశాను.

"పెట్టేవా, లేదా?"

వీడియో ఆపేసి ఆయన ముందుకి వెళ్ళి నిలబడ్డాను. "మోగతంది బావా," అన్నాను.

నా మొహంలోకి చూశాడు. మంచం దిగి, బల్లల మీదకి పోయి నిలబడ్డాడు.

"పెట్టె మోగితే కాళ్ళకి తెలుత్తాది," అన్నాడు. "అరికాల్లోంచి మోకాలి దాకా వత్తాది. పెడల్ అయితే ఏటీ రాదు."

"మరి సెవి?"

"తగ్గిపోయింది. ఎదురుగా ఉండి మాటాడితే పరవాలేదు. సన్నటివి ఇనిపించవు. ఇయర్‌ఫోన్ పెడితే లోపల ఈల ఒకటి మొదలౌద్ది, ఇంకేటీ తెలవదు. డాక్టరు కాడికి ఎల్లేను. పోయింది రాదంట."

నాకు ముందు కోపమే వచ్చింది, ఏడుపు ఆ తరవాత. ఒకే కంచంలో తింటున్నట్టు ఉంటాం, నాకు తెలియకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు.

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నీ పాట మారిపోద్ది."

అదేం జవాబో నాకు బోధపడలేదు. అడగాల్సింది ఇంకొకటి ఉంది, నేను పాడేది వినిపిస్తోందా అని. ఏం చెబుతాడోనని భయమేసి అడగలేదు.

లోహిత్ బండి చప్పుడైంది. చెప్పనా అన్నట్టు బావకేసి చూశాను. "సెప్పీ," అన్నాడు. దాచకుండా అంతా చెప్పేశాను. వాడు గుమ్మంలోనే చెప్పులు విప్పడం మరిచి నిలబడిపోయాడు. తరవాత బావ ఎదురుగా వచ్చి, ప్రతి మాటా విడమరిచి అన్నాడు.

"ఆ కుర్రోడికి నేను ఫోను సెయ్యలేదు బావా. కానీ హాలోళ్ళు పెట్టెని రానివ్వరు. ఏటి సేద్దాం?"

నేను షెడ్డులో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగాను. దారికి అడ్డమొచ్చిన పెట్టెని విసుగ్గా కాలితో తన్నాను. వేలికి తగిలి ప్రాణం పోయినంత పనైంది. ఆ మంటలోనే అన్నాను.

"దీన్ని బోర్లా పడెయ్యండి."

ఇద్దరూ పట్టి బోర్లా తిప్పారు. స్పీకరు నోరు మూసుకుపోకుండా కింద రెండు చెక్క ముక్కలు పెట్టి, శబ్దం బాగా తగ్గించాం. బావని దాని మీద కూర్చోమన్నాను. గిటారు వైరు పెడల్‌కి కలిపి, అక్కణ్ణించి ఒకటి మిక్సర్‌కి, ఒకటి పెట్టెకి లాగాం. జనానికి పెడల్ శబ్దం మిక్సర్‌లోంచి పోతుంది, బావకి పెట్టె మోత ఒంట్లోకి పోతుంది. లోహిత్ మేడ మెట్ల దాకా వెళ్ళి విని వచ్చాడు. పెట్టె చప్పుడు అక్కడికి రావడం లేదన్నాడు.

"హాలోళ్ళు అడిగితే?"

"పీట అని సెప్పు," అన్నాను. బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఒక పాట పాడి చూద్దామన్నాడు లోహిత్. నిదానమైన పాట ఎంచుకున్నాం. హాల్లో కూర్చునేటట్టే బావ మా ఇద్దరికీ వీపు పెట్టి, ముందుకి తిరిగి కూర్చున్నాడు. మొదటి చరణం బాగా నడిచింది, ఎక్కడా తాళం జారలేదు. రెండో చరణంలో ఒక చోటు ఉంది. అక్కడ నేనెప్పుడూ గొంతు బాగా దించి, పక్కవాళ్ళకి చెబుతున్నట్టు పాడతాను. ఇప్పుడు అక్కడికి వచ్చేసరికి ఆయన వీపు చూశాను. గొంతు దిగలేదు. నేను లేపలేదు, దానంతటదే లేచింది.

గిటారు ఆగిపోయింది. బావ వెనక్కి తిరిగాడు.

"తగ్గించు ఇందూ," అన్నాడు. "ఇక్కడ కూడా నాకు ఇనిపిత్తన్నావు."