మీసాల సూది

నేను ఒక నీలం పెట్టెను. వీధిలో పిల్లలు నన్ను చూసి ఐస్‌క్రీమ్ డబ్బా అనుకుని వెంటపడేవారు, లోపలున్నది టీకా అని తెలిశాక అంతకంటే వేగంగా పారిపోయేవారు. ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో నీళ్ల బిందెలతో పాటే పుట్టాను. కొన్నాళ్లు గోదాములో దుమ్ము తిన్నాక నర్సు స్వరూప చేతికి వచ్చాను. నా పొట్టలో మంచు పెట్టి, నడుమ టీకా సీసాలు సర్ది, స్కూటీ మీద ఊరూరా తిప్పేది. ఎండలకు ఊరంతా చెమటలు కక్కుతుంటే నేనొక్కదాన్నే చల్లగా ఉండేదాన్ని. కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక ఏడాది బడి ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా తెచ్చాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను చాలావరకు రాకుండా ఆపే సూది అది. స్వరూప ఆ మాట చెప్పి ముగించేలోపే ఫోన్లలో ఇంకో కబురు ఊరంతా తిరిగింది. సూది వేయించుకున్న ఆడపిల్లలకు మీసాలు వస్తాయట. నా పొట్టలోని సీసాలకే తెలియని సంగతి.

తల్లులు ఎవరూ ఒప్పుకోలేదు. తొమ్మిదో తరగతి రుచిత తల్లి మాత్రం, అత్త సరేనంటే తనకూ సరేనంది. ఆ అత్త బూదవ్వ, బీడీలు చుట్టే మనిషి. మనవరాలిని ఇంటికి లాక్కుపోవడానికి నేరుగా తరగతి గదిలోకే వచ్చి, మీసాల మాట ఎత్తి స్వరూపను నిలదీసింది. పిల్లలందరూ ఆమె ముఖం వైపే చూశారు. బూదవ్వ పై పెదవి మీద నెరిసిన మీసం నిక్షేపంగా ఉంది.

“అవ్వా, నువ్వు ఏ సూది ఏయించుకున్నవ్?” అని అడిగింది రుచిత.

గది గొల్లుమంది. హెడ్మాస్టర్ గోడవైపు తిరిగి దగ్గు నటించాడు. బూదవ్వ పెదవి తడుముకుని, చివరికి తనూ నవ్వేసింది.

నవ్వులు సద్దుమణిగాక స్వరూప ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ జబ్బు ఎలా ముదురుతుందో చెప్పింది. వింటూ వింటూ బూదవ్వ ముఖం వాడిపోయింది. తన కూతురు కనకవ్వకూ అన్నీ అలాగే అయ్యాయట. ఆడవాళ్ల జబ్బు పేరు బయట చెప్పలేక, కడుపునొప్పితో పోయిందని ఊరందరికీ చెప్పిందట.

మనవరాలి వైపు తిరిగి, నువ్వేమంటావని అడిగింది. భయంగానే ఉంది, చెయ్యి పట్టుకుంటే వేయించుకుంటానంది రుచిత.

“ఎయ్యి బిడ్డా,” అంది బూదవ్వ స్వరూపతో. “మీసమొస్తే నేనే గొరిగిస్త.”

స్వరూప రుచిత తల్లికి ఫోన్ చేసి మరోసారి అడిగి, సూది వేసింది. గట్టిగా కళ్లు మూసుకున్నది రుచిత కాదు, బూదవ్వ.

అంతటితో ఆమె ఇంటికి పోలేదు. బడి గేటు దగ్గర గుమిగూడిన తల్లుల ముందు నిలబడింది. “నా బిడ్డ కడుపునొప్పితోని పోలే. క్యాన్సర్‌తోని పోయింది,” అంది. తర్వాత ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె.

సాయంత్రానికి నేను ఖాళీ అయ్యాను. చివరి పిల్లను సూది తర్వాత కాసేపు కూర్చోబెట్టి చూడాలని స్వరూప అంటే, తోడుంటానని బూదవ్వ నా మీదే కూలబడింది. నా మూత ఫట్‌మని పగిలింది.

ఇప్పుడు నేను ఆరోగ్య ఉపకేంద్రంలో ఒక మూల కూర్చుని స్వరూప మజ్జిగకు కాపలా కాస్తున్నాను. నా చోటుకు వచ్చిన కొత్త పెట్టెకు మహా గర్వం. ఉండనీ, దాని మీద ఇంకా బూదవ్వ కూర్చోలేదు.