ఒకరు పడవలో ఉండాలి

నాకు తెలిసిన మంచుకొండ గుండ్రంగా ఉంటుంది. పడవ వంటగదిలో పొయ్యి ముందు నిలబడి ఉల్లిపాయలు తరుగుతుంటే, పళ్ళెమంత గుండ్రటి కిటికీలోంచి కనిపించేది అంతే మరి. పొద్దున ఒక నీలం, మధ్యాహ్నం ఇంకో నీలం. అప్పుడప్పుడు దాని లోపల్నుంచి, ఎవరో పెద్దావిడ నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు ఒక మూలుగు వస్తుంది. కత్తి ఆపి వింటాను. ఈలోపు పీతల చారు పొంగుతుంది. పైనుంచి మా ఆయన ఒస్వాల్దో, "ఏమే, ఏదో మాడుతోంది" అంటాడు.

పెళ్ళయినప్పటి నుంచీ ప్రతి వేసవీ దక్షిణపు కొసనున్న ప్యూర్టో విలియమ్స్ రేవు నుంచి కొండలెక్కేవాళ్ళని ఈ తెరచాప పడవలో ఇక్కడికి తెస్తున్నాం. ఒస్వాల్దో మూటలు మోస్తూ వాళ్ళతో మంచుదాకా వెళ్ళి, సాయంత్రానికి బుగ్గలు ఎర్రగా చేసుకుని వస్తాడు. నేను పడవలో ఉంటాను. ఇక్కడ లంగరొక్కటే చాలదు, కొండ మీంచి గాలి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. తాళ్ళు ఒడ్డుకి తీసుకెళ్ళి చెట్లకి కట్టాలి. కట్టేది నేనే. అతను చుక్కాని పట్టుకుంటే, నేను తాడు కొస తీసుకుని తెడ్ల పడవలో వెళ్ళి, మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి, చెట్టుకి ముడేసి వెనక్కి వస్తాను. ఒడ్డంటే నాకు ఆ చెట్టుదాకానే. ఎంత గాలివాన వచ్చినా నా ముడి జారింది లేదు. అతిథులు మాత్రం గ్లాసులెత్తి కెప్టెన్‌కి జేజేలు కొడతారు. అప్పుడతను నా వైపు చేయి చూపించి, మా ఎడెల్మీరా చారు ఎలా ఉందని అడుగుతాడు. అదీ నా బిరుదు.

ఒక్కసారి నేనూ వస్తానని కొత్తలోనే అడిగాను. ఒకరు పడవలో ఉండాలి కదా అన్నాడు. నిజమేగా అనుకున్నాను. ఆ ఒకరు ప్రతిసారీ నేనే ఎందుకవ్వాలని అడగడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇంటి దగ్గర అడిగిన రోజున మా అత్త క్లోరిండా నవ్వి, మంచులో ఏముందే, నీళ్ళేగా, గిన్నెలు కడిగేటప్పుడు చూడ్డం లేదా అంది. ఒళ్ళు మండిపోయింది. ఏం చేస్తాను, గిన్నెలే కడిగాను. కలలో మాత్రం మంచు మీద నడిచేదాన్ని. అరికాళ్ళ కింద వెచ్చగా ఉండేది. మెలకువ వచ్చాక ఏడుపొచ్చేది. ఒక్కసారైనా తొక్కి ఉంటే కల ఇంత తప్పుగా వచ్చేది కాదు కదా.

నిన్న నేను చారు వడ్డిస్తుండగా, పడవ అమ్మేశాను, ఇదే ఆఖరి ప్రయాణం అని అతిథులతో చెప్పాడు. వాళ్ళతో చెప్పాడు, నాతో కాదు. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. ఇంక నా మంచుకొండ ఎప్పటికీ గుండ్రంగానే మిగిలిపోతుందన్నమాట.

ఇవాళ పొద్దున అతిథుల్ని ఒడ్డున దింపి వచ్చాను. ఒస్వాల్దో బూట్లు తొడుక్కుంటూ, నేను వెళ్ళేలోపు ఇంకో తాడు కట్టిరా అన్నాడు. వెళ్ళాను, కట్టాను, లాగి చూశాను. గాలి లేదు. నీళ్ళు కదలడం లేదు. అంతా కలలోలాగే ఉంది. తెడ్ల పడవని రాళ్ళ మీదికి లాగి, దాన్ని కూడా చెట్టుకి కట్టేశాను. మాకున్నది అదొక్కటే.

"ఏం చేస్తున్నావే అక్కడ? వాళ్ళు నాకోసం చూస్తున్నారు."

"చారు సన్న సెగ మీద ఉంది. కాస్త కలుపుతూ ఉండు." నేను గొంతు పెంచలేదు. ఆ నిశ్శబ్దంలో మామూలు మాటే చాలు.

"మతిపోయిందా నీకు? నేను వెళ్ళాలి."

"ఒకరు పడవలో ఉండాలి, ఒస్వాల్దో."

ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. నేను చెట్టు దాటాను. అతిథులు కెప్టెన్ ఏడని అడిగితే, వంట పనిలో ఉన్నాడని చెప్పి ఒక మూట భుజానికెత్తుకున్నాను. నాచు, తర్వాత రాళ్ళు, తర్వాత మంచు. అందరూ ముందుకు వెళ్ళాక ఒక బూటు విప్పి అరికాలు ఆనించాను. చల్లగా ఉంది. ఎంత చల్లగా ఉందో చెప్తే మా అత్త నమ్మదు.

వెనక్కి తిరిగి చూశాను. కింద పడవ, దానికి చొక్కా గుండీ అంత వంటగది కిటికీ. దాని వెనక ఒక మొహం కదిలింది. ఆ గుండ్రంలో ఇప్పుడు నేనున్నాను.