కూర్చుని వెళ్ళాలి

బీట్‌రూట్ చెక్కు తీసి తీసి లిదియా వేళ్ళన్నీ ఎర్రబడ్డాయి. ఎలాగూ చాన్నాళ్ళు ఇంట్లో ఉండదు కాబట్టి కనీసం రెండు పూటలకు సూప్ కాచిపెట్టి మరీ వెళ్ళమంది అత్తగారు క్లావ్దియా. కాసేపట్లో బస్సు వస్తుంది. అదెక్కితే విమానం, ఆ తరవాత స్తెప్పీ మైదానం, రాకెట్టు. వ్యోమగాముల శిక్షణలో చేరిన పదకొండేళ్ళకు ఆమెకు సొంత సీటు వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికైనా జ్వరం వస్తే వెళ్ళే మనిషిగానే ఉంది. ఎవరికీ జ్వరం రాలేదు.

గిర్రున తిప్పే యంత్రంలో, గుండెల మీద ఏనుగెక్కినంత బరువు పడుతున్నప్పుడు కూడా అడిగిన లెక్కలన్నీ తప్పులేకుండా చెప్పింది. బయటికొచ్చాక డాక్టరు అడిగింది ఒక్కటే: "మీ ఆయన ఒప్పుకున్నాడా?" పక్కనున్న మగవాళ్ళలో ఒక్కరినీ మీ ఆవిడ ఒప్పుకుందా అని అడగలేదు. నవ్వి ఊరుకుంది. ఎన్ని మాటలకు అలా నవ్విందో తలుచుకుంటే ఇప్పుడు దవడలు నొప్పెడుతున్నాయి.

పెట్టె గుమ్మం దగ్గర పెట్టింది. వాళ్ళ ఆచారం ప్రకారం ప్రయాణానికి ముందు ఇంటిల్లిపాదీ ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చుని లేవాలి, లేకపోతే దారి కలిసిరాదు. భర్త గెన్నడీ స్టూలు మీద కూర్చున్నాడు. కూతురు అస్యా పెట్టె మీదికెక్కింది. క్లావ్దియా కిటికీ దగ్గర నిలబడే ఉంది.

"కూర్చోమ్మా," అన్నాడు గెన్నడీ.

"నేను కూర్చోనురా. కూర్చుంటే పొమ్మన్నట్టేగా. పిల్లదాన్ని నా ఒళ్ళో పడేసి ఆకాశంలో ఊరేగుతుందట మహారాణి."

గెన్నడీ భార్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "లిదా, పోనీ ఈసారికి ఇంకొకళ్ళను పంపమనరాదూ? అమ్మ కూర్చోకుండా ఎలా వెళ్తావు?"

ఈ ఇంట్లో తను ఎప్పుడు కూర్చుందా అని ఆలోచించింది లిదియా. పండగ భోజనాల్లో తన కుర్చీ మీద ఎవరిదో ఒకరి కోటు ఉండేది. ఉప్పు తేవాలి, రొట్టె కోయాలి, టీ కాయాలి. గెన్నడీ చేపల వేటకు బయలుదేరే ముందు అందరూ కూర్చునే ఆ నిమిషంలో కూడా కుర్చీ అంచు మీదే కూర్చుని, పొయ్యి వంక చూస్తుండేది.

చేతులు కడుక్కుని వచ్చి, కుర్చీలో వీపు ఆనించి కూర్చుంది.

"మీరు నిలబడే ఉండండి అత్తయ్యా. అందరూ కూర్చున్నప్పుడు ఒకరు నిలబడటం ఈ ఇంట్లో అలవాటేగా. ఇన్నాళ్ళూ ఆ ఒకరు నేను."

నిమిషం మొదలైంది. ఇంతలో సూప్ పొంగి పొయ్యి మీద చుయ్యిమంది. ముగ్గురూ లిదియా వైపే చూశారు. కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఆపుకుంది.

నిమిషం పూర్తిగా గడవనిచ్చి, లేచి, అస్యాను దింపి పెట్టె అందుకుంది.