కొత్త బండ మీద పాత తారీఖు

బండ మీద నీళ్లు చిలకరించి గోనెగుడ్డతో తుడిచాక, అజమత్ అలీ ముక్కు తగిలేంత దగ్గరగా దాని మీదికి వంగాడు. తడి ఆరేలోపు గీతలు చూసుకోవాలి. ఆరిందంటే పాత రాయి మీద అక్షరం కనబడదు. అక్షరాల్లో ఎర్రమట్టి మెత్తి, పైన పల్చటి కాగితం పరిచి, అరచేత్తో అద్దాడు. కాగితం మీద ఎర్రగా, కుంటుకుంటూ, ఎవరి తాత పేరో లేచి వచ్చింది.

పెద్దేముల్ నుంచి వచ్చిన కిష్టయ్య పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. వాళ్ల తాత తవ్వించిన బావి గట్టు మీది రాయిని ఎడ్లబండి గుద్దితే రెండు ముక్కలైంది. దానికి నకలు కావాలి.

"తాత పేరు కింద నా పేరు గూడ ఎక్కియ్యి. తారీఖు గీ యేడుది వెయ్యి. కొత్తగుంటది" అన్నాడు కిష్టయ్య.

"బాయి గీ యేడు తవ్వినవా?"

"నేనేడ తవ్విన! తాత తవ్విండు."

"మరి? రాయి పలిగింది గని బాయి పలిగిందా? పాత తారీఖే పడ్తది. నీ పేరు గావాలంటే నువ్వింకో బాయి తవ్వు."

కిష్టయ్య నవ్వి ఊరుకున్నాడు. ముసలాయనతో వాదన పెట్టుకున్నవాడెవడూ తాండూరులో నెగ్గలేదు.

తాండూరు బండకు ఒక రోగముంది. చూడ్డానికి పలకలాగా నున్నగా ఉంటుంది, అరుగుకి వేసినా ఇంట్లో పరిచినా దాని అందమే వేరు. కాని ఎండకీ వానకీ నిలబెట్టారా, పొరలు పొరలుగా ఊడిపోతుంది. పై పొరతో పాటు దాని మీద చెక్కిన పేరూ, తారీఖూ అన్నీ పోతాయి. అందుకే ఊళ్లో సమాధుల రాళ్లనీ, బావి రాళ్లనీ, దర్గా మెట్లనీ ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ కొత్త బండ మీదికి ఎక్కించాల్సి వస్తుంది. ఆ ఎవరో ఒకరు ముప్పై ఏళ్లుగా అజమత్ అలీ. జంగప్ప బండల షెడ్డులో, పాలిష్ మిషన్ మోతకి దూరంగా, రేకుల కింద ఓ మూల ఆయన చోటు. పొట్టి మనిషి. కనుబొమల్లో, చెవుల్లో, గడ్డంలో ఎప్పుడూ బూడిదరంగు దుమ్ము. నవ్వబోతే దగ్గు వస్తుంది కాబట్టి నవ్వడం ఎప్పుడో తగ్గించేశాడు. అబద్ధమెందుకు, ఆయన్ని గుర్తుపెట్టుకోవడానికి ఇంతకు మించి ఏమీ లేదు.

అది డెబ్బై తొమ్మిది వేసవి, గురువారం. కిష్టయ్య పని మధ్యాహ్నానికల్లా ముగించేయాలని అజమత్ అంత హడావుడి పడటానికి కారణముంది. ఆ సాయంత్రం లోపు తన బిడ్డ సమాధి రాయి చెక్కుకోవాలి.

ఊరు పెరిగింది, గనుల్లో పనికి జనం వచ్చారు, చచ్చేవాళ్లూ పెరిగారు. కబ్రస్తాన్‌లో జాగా లేదు. కిందటి జుమ్మా నమాజు తర్వాత మసీదు, కబ్రస్తాన్ వ్యవహారాలు చూసే ముతవల్లి నిసార్ సాబ్ లేచి నిలబడి చెప్పాడు. పాతికేళ్లు దాటిన సమాధుల్ని చదును చేసి కొత్తవాళ్లకిస్తారు. ఏది ఎప్పటిదో రాయి మీది తారీఖు చూసి తేలుస్తారు. తారీఖు కనబడని రాయి ఉంటే దాన్ని ముందు తీస్తారు. వచ్చే శుక్రవారం పొద్దున్నే పని మొదలు.

గోడ పక్క మూలనున్న షాహజాది రాయి మీద పొర ఊడి ఏడాది దాటింది. ఊరందరి రాళ్లూ ఎక్కించే మనిషి, సొంత బిడ్డ రాయి దగ్గరికొచ్చేసరికి రేపు, మాపు అంటూ తోసేశాడు. ఏం చేస్తాం, అందరి పనీ చేసేవాడి ఇల్లు ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఇంతా చేసి ఆ తారీఖు పందొమ్మిది వందల యాభై ఒకటి. చెక్కినా పోయేదే.

పొద్దున చాయ్ ఇస్తూ వజీరాబీ అడిగింది. ఇరవై ఎనిమిదేళ్లుగా భర్తను ఆమె ఏదీ గట్టిగా అడగలేదు. ఇది అడిగింది.

"ఒక్క అంకె మార్చు. ఐదు జాగల ఏడు పెట్టు. నీ చేతిల పనే గదా! ఎవ్వల సొమ్ము పోతది?"

"షాహజాది అమ్మా..." అని ఆగిపోయాడు. పెళ్లయిన కొత్తలో ఆమెని ఏమని పిలిచేవాడో ఆయనకే గుర్తులేదు. బిడ్డ పుట్టినప్పటి నుంచీ అదే పిలుపు. ఆ తర్వాత వాళ్లకు ఇంకెవరూ పుట్టలేదు.

"నాకు ఇంకేం లేదు. ఆ ఇంత జాగ నా బిడ్డకు ఉండనియ్యి" అంది వజీరాబీ. ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"సరే. ఏడే పెడ్త" అన్నాడు అజమత్. నిజంగానే అన్నాడు. మాట తప్పే ఉద్దేశం ఆయనకు లేదు.

మధ్యాహ్నం పాలిష్ మిషన్ ఆపి హన్మయ్య అన్నం మూట విప్పాడు. ఇద్దరూ ఆ షెడ్డులోనే తలలు నెరిపించుకున్నవాళ్లు. సంగతంతా విని హన్మయ్య, "మంచిది చేస్తున్నవ్ భాయ్. దేవుడు లెక్క వేరే రాసుకుంటడు తియ్" అన్నాడు.

"నా చేతితోని దొంగ తారీఖు ఇప్పటిదాంక పడలేదు, హన్మయ్యా."

"పడితే పడనియ్యి. గా పసిదాని కంటే ఎక్కువనా నీ చెయ్యి?"

అజమత్ తలూపాడు. ఎక్కువ కాదు. ఎలా అవుతుంది?

తిన్నాక మంచి బండ ఒకటి ఏరుకున్నాడు. పొర గట్టిది, గోటితో కొడితే గణగణమన్నది. పొర ఊడకముందు ఎప్పుడో షాహజాది రాయి మీద అద్ది దాచిన ఎర్రమట్టి కాగితం తీశాడు. మైదా జిగురుతో దాన్ని బండకు అంటించాడు. కాగితం మీది ఐదును గోరుతో రెండుసార్లు గీకి, ఇక్కడ ఆగాలి అని తనకు తానే చెప్పుకున్నాడు. ఉలి తీసుకున్నాడు.

పేరుతో మొదలుపెట్టాడు. ఉలి సన్నగా టిక్, టిక్ మంటోంది. అవతల హన్మయ్య మిషన్ హోరు. పేరు చెక్కుతుంటే ఎవరికైనా మనిషి గుర్తురాకుండా ఉంటుందా? మూడేళ్ల పిల్ల. చింతపండు ఎక్కడ దాచినా కనిపెట్టేది. జ్వరం తగ్గకపోతే వికారాబాద్ డాక్టరు దగ్గరికి రైల్లో తీసుకుపోయారు. ఆయన సూది వేసి, తగ్గుతుంది పొండి అన్నాడు. తిరుగు రైల్లో కిటికీ పక్కన వజీరాబీ ఒళ్లో పడుకోబెట్టుకుంది. ధారూర్ దాటాక పిల్ల కళ్లు తెరిచి, "అబ్బా, చెట్లు ఉరుకుతున్నయి" అంది. చెట్లు కాదు బిడ్డా, మనమే ఉరుకుతున్నం అని ఆయన చెప్పాడు. ఆ మాట పిల్ల విన్నదో లేదో. తాండూరు స్టేషన్‌లో దించబోతే ఒళ్లు చల్లగా ఉంది. వజీరాబీ మాత్రం, పిల్ల నిద్రపోతోంది, లేపకు అని దారి పొడుగునా ఆయన్ని కసురుకుంటూనే నడిచింది. ఇల్లు చేరాక కూడా దుప్పటి తియ్యనివ్వలేదు.

దగ్గొచ్చింది. ఉలి పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుని, అజమత్ బండ మీది దుమ్ము ఊదాడు.

పేరు పడింది. నెల పడింది. కింద ఏడాది. పందొమ్మిది వందల యాభై ఒకటి, చివరిదాకా, లోతుగా, వంక పెట్టడానికి లేకుండా.

వేలు పెట్టి తడిమాడు. ఐదే. ఆయన రైల్లో ఉండగా ముప్పై ఏళ్ల అలవాటు తన పని తాను చేసుకుపోయింది. కాగితం మీద ఏముంటే అది చెక్కడమే ఆ చేతికి తెలుసు.

"యా అల్లా" అన్న కేక విని హన్మయ్య పరిగెత్తుకొచ్చాడు. చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"అరగదీద్దాం ఉండు, మిషన్ మీద పెడ్త!"

"పొర లేస్తది. బండ మొత్తం పోతది."

"ఇంకోటి చెక్కు."

"పొద్దు గుంకుతున్నది. నా చెయ్యి చూడు."

రెండోసారి ఉలి పట్టబోతే జారి కాళ్ల మీద పడింది. ఆ చేతిని ఇంకో చేత్తో కొట్టాడు, అల్లరి చేసిన పిల్లాణ్ణి కొట్టినట్టు.

చేసేది లేక బండను హన్మయ్య సైకిలు వెనక కట్టి ఇద్దరూ నిసార్ సాబ్ ఇంటికి నడిపించుకుపోయారు. నిసార్ సాబ్ చెడ్డవాడేం కాదు. కుర్చీ వేయించాడు, నీళ్లిచ్చాడు. లాంతరు పట్టుకుని రాయి చదివాడు.

"అజమత్ భాయ్, మీ ఒక్కళ్లకు వదిలిపెడితే రేపు ఊరంత నా మీదికొస్తది. మా నాయన సమాధి గూడ రేపు పోతున్నది."

"సాబ్, పసిపిల్ల. జర చూడుండ్రి."

"మీరు ఏ డెబ్బై ఒకటనో చెక్కుకొస్తే నేను మారు మాట్లాడేటోణ్ణా? నాకేం ఎరుక అంటుంటి. ఇప్పుడు రాయే చెప్తున్నది, నన్నేం చెయ్యమంటరు?"

అజమత్ లేచి సలాం చేసి వచ్చేశాడు.

ఇంట్లో వజీరాబీ గడప దగ్గరే కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు. బండను దించగానే చేత్తో నిమిరింది, అక్షరాల గుంటల్లో వేళ్లు పెట్టి చూసింది.

"ఏడు పెట్టినవా?"

హన్మయ్య తల తిప్పుకున్నాడు.

"పెట్టిన. సాబ్ చదివిండు గూడ" అన్నాడు అజమత్.

"నాకెరుక, పెడ్తవని." ఆమె ముఖం అంత తేటగా కనబడటం ఆయన చూసి ఎన్నేళ్లయిందో. రాత్రి జొన్నరొట్టె వేడిగా చేసి పెట్టింది, పక్కన ఉల్లిగడ్డ కోసింది. ఆయన సగం తిని, ఆకలి లేదని చెయ్యి కడుక్కున్నాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. దగ్గు రాలేదు. ఇవాళ దగ్గు లేదు, మంచిదే అనుకుని వజీరాబీ నిద్రపోయింది. తెల్లవారి లేపబోతే ఆయన లేవలేదు.

శుక్రవారం పొద్దున కబ్రస్తాన్‌లో చదును పని మొదలైంది. ముందే చెప్పినట్టు తారీఖు కనబడని రాళ్లను మొదట తీశారు. గోడ పక్క మూల ఒక చిన్న సమాధి పోయి అక్కడ మెత్తని జాగా ఏర్పడింది. జుమ్మా తర్వాత అజమత్ అలీని మోసుకొచ్చేసరికి చదును పూర్తయి తవ్వడానికి సిద్ధంగా ఉన్నది అదొక్కటే. గోతి తవ్వినవాళ్లకు ఆ జాగా ఎవరిదో తెలియదు. తెలిసిన నిసార్ సాబ్ రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రం వజీరాబీ హన్మయ్యను పిలిచింది. "అన్నా, బిడ్డ రాయి బిడ్డ దగ్గర పెట్టి రా. ఆయన రాయి సంగతి తర్వాత చూద్దాం."

తర్వాత ఎవరు చూస్తారు? తాండూరులో సమాధి రాయి చెక్కే చెయ్యి ఇంకొకటి లేదు. ఆ మాట హన్మయ్య ఆమెతో అనలేకపోయాడు. బండను సైకిలుకు కట్టుకుపోయి, పాతి, చుట్టూ మట్టి తొక్కి, చీకటి పడుతుండగా తిరిగొచ్చాడు.

"పెట్టినవా?"

"పెట్టిన వదినా."

"ఆయనను దానికి దగ్గర్లనే పెట్టిండ్రా?"

"దగ్గర్లనే" అన్నాడు హన్మయ్య, సైకిలు స్టాండు వెయ్యడం మర్చిపోయి దాన్ని అలాగే పట్టుకుని.

గోడ పక్క ఇంకా తడి ఆరని మనిషి పొడుగు మట్టికుప్ప తలాపున, మూడేళ్ల పిల్ల పేరుతో, పాతికేళ్లు ఎప్పుడో దాటిపోయిన తారీఖుతో, నిన్ననే చెక్కిన ఆ బండ నిలబడి ఉంది.