బాయిలర్ మనిషికి టై ఎందుకు

వెర్డెల్ ప్రూయిట్ అనుమానం మనిషి కాదు. ఆ మాట ఆమే అందరికీ చెప్పేది, అదీ ఎవరూ అడక్కుండానే. పంతొమ్మిదేళ్లుగా బడి వంటగదిలో మూడు వందల మంది పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డిస్తోంది. రెండో పాల డబ్బా ఎవడు చొక్కాలో దాచాడో వాడు నడిచే తీరు చూసి చెప్పేస్తుంది. అలాంటి మనిషికి మొగుడి కారు మీటరు కంటపడటమే క్లియోటిస్ చేసుకున్న ఖర్మ.

ఆస్పత్రికీ ఇంటికీ మధ్య పదకొండు మైళ్లు. ఆస్పత్రి బాయిలర్ గదిలో క్లియోటిస్ పని. ఫిబ్రవరిలో ఒక సోమవారం కారుకి ఆయిల్ మార్పించాడు, ఆ రోజు మీటరు అంకె వేసిన చీటీ అద్దం మూలన అంటించి ఉంది. శనివారం తన కారు మొరాయిస్తే వెర్డెల్ అతని కారు వేసుకుని కూరలకు వెళ్లింది. మీటరు చూసింది, చీటీ చూసింది, లెక్క వేసింది. అయిదు రోజులకి నూటపది మైళ్లు తిరగాల్సిన బండి నూట తొంభై తిరిగింది. కూరలు మర్చిపోయి అక్కడే బండిలో కూర్చుండిపోయింది.

తరవాత వెతికింది. వెనక సీటులో హ్యాంగరుకి తెల్ల చొక్కా, ఇస్త్రీ నలగకుండా ప్లాస్టిక్ కవరులో ఉంది. జేబులో నీలం టై. డ్యాష్‌బోర్డు అరలో సెంటు సీసా, సగం ఖాళీ. పక్కనే ఒక బైబిలు. తల్లిని పూడ్చిన రోజు తరవాత చర్చి మెట్లెక్కని మనిషి బండిలో, ఒక్క పేజీ కూడా నలగని కొత్త బైబిలు. సెంటు సీసాని తీసినచోటే పెట్టేసింది, ఆ బైబిలుని మాత్రం రెండుసార్లు తిరగేసి చూసింది.

ఆ రాత్రి మామూలుగా అడుగుతున్నట్టే అడిగింది.

"ఈమధ్య అయిదున్నర దాటుతోందేం నువ్వు ఇంటికొచ్చేసరికి?"

"రోడ్డు మీద రద్దీ."

"ఎప్పుడూ లేని రద్దీ ఇప్పుడెక్కణ్నించి వచ్చింది?"

"ఊరు పెరుగుతోంది" అన్నాడు క్లియోటిస్, పళ్లెంలోంచి తలెత్తకుండా.

సెయింట్ లూయిస్‌కి ఉత్తరాన ఉన్న ఆ పేటల్లోంచి ఇరవై ఏళ్లుగా జనం సామాన్లు సర్దుకుని పోతూనే ఉన్నారు. వీధికి మూడిళ్లకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. ఊరు పెరుగుతోందట. అబద్ధం ఆడటం కూడా చేతకాదు ఈ మనిషికి, అనుకుని వెర్డెల్‌కి ఒళ్లు మండింది.

మనసులో మాట చెప్పుకోవడానికి ఆమెకి ఒజెల్లా తప్ప ఎవరున్నారు? ఇద్దరూ చర్చిలో అషర్లు. ఆదివారం తెల్లబట్టలు, తెల్ల చేతితొడుగులు వేసుకుని గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లని వరసల్లో కూర్చోబెట్టి, పూనకం వచ్చి పడేవాళ్లని పట్టుకుని, ఏడ్చేవాళ్లకి కాగితం రుమాలు అందించే సేవ. ఒజెల్లా ఆ అషర్ల జట్టుకి పెద్ద. ఎవరింటి గుట్టయినా ఆమెకి చెప్తే భద్రంగా ఉంటుంది, కాకపోతే కాస్త లావెక్కుతుంది.

"టై కట్టుకుంటున్నాడా?" అంది ఒజెల్లా. "బాయిలర్ గదిలోకా?"

"గదిలోకి కాదు. బయటికొచ్చాక. ఇంటికొచ్చేసరికి విప్పేస్తాడు, మెడ మీద కాలరు గీత మాత్రం పోదు."

"బైబిలు కూడానా. అయితే నిస్సందేహంగా చర్చి ఆడదే సిస్టర్ ప్రూయిట్. తాగే చోట దొరికిందానికైతే ఆ సెంటు చాలు."

"నువ్వు నన్ను ఓదారుస్తున్నావా, ఎగదోస్తున్నావా?"

"రెండూ. వెళ్లి కళ్లారా చూడు. తరవాత ఏడుద్దువుగాని."

ఇరవై తొమ్మిదేళ్ల కాపురం. ఆడది ఉన్నట్టు తేలితే మరుసటి రోజే మెంఫిస్‌లో అక్క ఇంటికి వెళ్లిపోవాలని వెర్డెల్ తీర్మానించుకుంది. అటక మీద పెట్టె దించి, దులిపి, మంచం కిందికి తోసింది. ఎవరూ చూడకుండా రెండుసార్లు ఏడ్చింది కూడా.

బుధవారం సాయంత్రం ఆరింటికి అషర్ల అభ్యాసం. చర్చిలో అషర్ల పేరిట ఏడాదికోసారి జరిపే పండగ దగ్గర పడింది కాబట్టి ఆ రోజు అందరూ పూర్తి దుస్తుల్లో రావాలని ఒజెల్లా హుకుం. వెర్డెల్ మూడింటికే తెల్లగౌను, తెల్లబూట్లు, తొడుగులు వేసుకుని బయల్దేరింది. తన కారు బాగుచేయించుకుంది. ఆస్పత్రి ఎదుటి మందులకొట్టు ముందు ఆపి, సీటులో కిందికి జారి కూర్చుంది. ఒంటి నిండా తెలుపు వేసుకుని దాక్కోవడం ఏమిటో ఆమెకే తెలియాలి.

నాలుగూ పదికి క్లియోటిస్ బయటికొచ్చి తన బండెక్కాడు. ఉన్ని టోపీ తీసి సీటు కింద పడేశాడు. మాసిన చొక్కా విప్పి తెల్లది తొడిగాడు. టై కట్టుకున్నాడు, అద్దంలో చూసుకుని మళ్లీ కట్టుకున్నాడు. మెడకీ మణికట్లకీ సెంటు కొట్టుకున్నాడు. బైబిలు తీసి డ్యాష్‌బోర్డు మీద, బయటికి కనపడేలా నిలబెట్టాడు. పెళ్లినాడు కూడా ఇంత ముస్తాబు కాలేదు ఈ మనిషి. వెర్డెల్ పెదవి కొరుక్కుని బండి తీసింది.

అతను తిన్నగా ఇంటి దారిలో రెండు మైళ్లు వెళ్లాడు. నీళ్ల ట్యాంకు దగ్గర, తిన్నగా పోవాల్సినవాడు ఎడమకి తిరిగాడు. అదీ సంగతి, అటే దాని ఇల్లు, అనుకుంది. రెండు బండ్ల వెనక నక్కి నక్కి వెళ్లింది. ఎర్రలైటు దగ్గర అతని బండి దాటిపోయింది, ఆమెది ఆగిపోయింది.

ఆ ఎడమ దారి పెద్ద చుట్టు తిరిగి వంతెన దగ్గర మళ్లీ ఇంటి దారిలోనే కలుస్తుందని ఆమెకి తెలుసు. వెనక్కి వెళ్లి తిన్నగా ఆల్డర్ హిల్స్ మీదుగా పోతే అతని కన్నా ముందే వంతెన చేరొచ్చు. వంతెన దాకా రాకపోతే ఆ చుట్టులోనే ఎక్కడో ఆగాడన్నమాట. ఆల్డర్ హిల్స్ అంటే ఊరు కాదు, చలానాల డబ్బుతో బతికే పన్నెండు వీధులు, ఒక మేయరు, పద్నాలుగు మంది పోలీసులు. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన నల్లవాళ్లెవరికైనా ఆ పేరు వింటేనే కాలు బ్రేకు మీదికి పోతుంది. వెర్డెల్‌కీ పోయేదే. కానీ ఆమె బడీ చర్చీ అటువైపు కావు, పైగా ఆ రోజు ఆమె బుర్రలో ఒక్క ఆడదానికే చోటుంది.

బట్టలుతికే కొట్టు దాటి మలుపు తిరగగానే వెనక పోలీసు లైట్లు వెలిగాయి.

ఆపింది. అద్దం దించింది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది. వచ్చినవాడికి పాతికేళ్లుంటాయి, మీసం కూడా సరిగ్గా లేదు.

"మలుపుకి వంద అడుగుల ముందు సిగ్నల్ వెయ్యాలి మేడమ్. మీరు ఎనభై దగ్గర వేశారు. లైసెన్సు."

ఎనభై అని ఏ టేపుతో కొలిచాడో ఆమె అడగలేదు. "సంచీలో ఉంది సార్. పక్క సీట్లో. కుడిచేత్తో తీస్తున్నా" అంది. చెయ్యి కదలబోయే ముందు నోరు కదలాలని ఆమెకి ఎనిమిదో ఏటే నాన్న నేర్పాడు.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"చర్చికి."

"చర్చెక్కడ?"

చెప్పింది.

"అది వెనకవైపు కదా. ఇటెందుకొచ్చారు?"

నా మొగుడు ఏ ఆడదాని ఇంట్లో దూరాడో పట్టుకుందామని, అని ఒక పిల్లాడికి ఎలా చెప్తుంది? "దారి తప్పాను" అంది.

అతను లైసెన్సు మీద చిరునామా చదివాడు. "ఇక్కడికి నాలుగు మైళ్లలో ఇల్లు పెట్టుకుని దారి తప్పావా వెర్డెల్?"

మేడమ్ పోయి వెర్డెల్ వచ్చింది, మీరు పోయి నువ్వు వచ్చింది. అంతా మూడు నిమిషాల్లో. అతని కళ్లు వెనక సీటు మీదికీ, ఆమె తొడుగుల మీదికీ, మళ్లీ ఆమె మొహం మీదికీ తిరిగాయి. వాటిలో ఏముందో ఆమె గుర్తుపట్టింది. వారం రోజులుగా మొగుణ్ని తాను చూస్తున్న చూపు అదే.

"కిందికి దిగు. అక్కడ నిలబడు."

దిగింది. నిలబడింది. అప్పుడు జరిగింది. తెల్లబట్టల్లో ఉండగా ఎవరైనా నిలబడమంటే ఆమె ఒళ్లు ఇరవై ఆరేళ్లుగా ఒకే రకంగా నిలబడుతోంది. మడమలు కలిశాయి. గడ్డం లేచింది. ఎడమచెయ్యి పిడికిలి మడిచి నడుం వెనక్కి వెళ్లిపోయింది. అషర్లు నిలబడే తీరు అది. అలా నిలబడితే, సేవకి సిద్ధంగా ఉన్నానని అర్థం.

"చెయ్యి చూపించు! చెయ్యి!"

తుపాకీ ఒర బొత్తాం ఊడిన చప్పుడు వినపడింది. అతని చెయ్యి నడుం దగ్గర ఉంది. అప్పటిగ్గానీ తన చెయ్యి ఎక్కడుందో వెర్డెల్‌కి తెలియలేదు. ఉంచితే తప్పు. తీస్తే ఇంకా పెద్ద తప్పు.

"సార్" అంది. వంటగదిలో నూనె అంటుకున్నప్పుడు పిల్లలతో మాట్లాడే గొంతు అది. "నా చేతిలో ఏమీ లేదు. చర్చిలో మేం ఇలా నిలబడతాం. అలవాటులో వెళ్లిపోయింది. నెమ్మదిగా ముందుకు తెస్తున్నా. చూడండి, వస్తోంది."

తెచ్చింది. తెల్లతొడుగులో అయిదు వేళ్లూ చాపి చూపించింది. అతను ఆ వేళ్లని చాలాసేపు చూశాడు. "తొడుగులు తీసెయ్" అన్నాడు చివరికి.

తరవాత ఇరవై అయిదు నిమిషాలు బండి సోదా చేశాడు. రుమాళ్ల పొట్లం, విసనకర్రలు, దగ్గొచ్చినవాళ్లకి ఇచ్చే పుదీనా బిళ్లలు దొరికాయి. ఒక బిళ్ల కాగితం విప్పి వాసన కూడా చూశాడు. ఎనభై అడుగులకి చలానా రాసి, జాగ్రత్తగా వెళ్లమని చెప్పి పోయాడు.

వెర్డెల్ చర్చికి వెళ్లలేదు. దారిలో చాలాసేపు బండి ఆపుకుని కూర్చుని, ఇంటికి వచ్చేసరికి క్లియోటిస్ వంటగదిలో ఉన్నాడు, పాత బనీనులో, చిక్కుళ్ల గిన్నె కలుపుతూ. ఈ బుధవారం ఇలా వచ్చావేమని అడగబోయాడు. ఆమె తాళాలు మేకుకి తగిలించబోయింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి కింద పడ్డాయి.

అతను గరిటె పక్కన పెట్టాడు.

"ఏ సందు దగ్గర ఆపారు?" అన్నాడు.

"బట్టలుతికే కొట్టు దాటాక."

"లావుపాటి వాడా?"

"కాదు. పిల్లాడు. మీసం లేదు."

"కొత్తవాడు" అన్నాడు క్లియోటిస్. మిగతావాళ్లందరూ అతనికి తెలుసు. కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టాడు. "తుపాకీ తీశాడా?"

"లేదు" అంది. తీయలేదు కాబట్టి అది నిజమే. ఆ పిల్లాడు చెయ్యి ఎక్కడ పెట్టాడో క్లియోటిస్ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"నిన్నెన్నిసార్లు ఆపారు?"

"తొమ్మిది. టై కట్టడం మొదలెట్టాక రెండే. వాళ్లని తప్పించుకోడానికే చుట్టుదారిన వస్తున్నా. ఆ దారిలోనూ ఇలాంటి ఊళ్లు మూడున్నాయి కదా, అందుకని ఇల్లు చేరేదాకా టై విప్పట్లేదు. బాయిలర్ నూనె కంపుకి ఏదో మత్తుమందు వాసనొస్తోందని సోదా చేస్తారు, అందుకే సెంటు. బైబిలు లోపలికి తొంగిచూసేవాడి కంట పడాలని."

"నాకెందుకు చెప్పలేదు?"

క్లియోటిస్ వెళ్లి పొయ్యి ఆర్పాడు. "ఆరోసారి నన్ను కాలిబాట అంచున కూర్చోబెట్టి బూట్లు విప్పించారు. అప్పుడే మీ బడి బస్సు వెళ్లింది. పిల్లలందరూ కిటికీల్లోంచి చూశారు. నీకు చెప్తారని నెల్లాళ్లు ఎదురుచూశాను. ఒక్కడూ చెప్పలేదు. వాళ్లే కడుపులో పెట్టుకుంటే నేనెలా చెప్పను?"

వెర్డెల్‌కి ఆ పిల్లలు గుర్తొచ్చారు. నెల్లాళ్లు పళ్లెం పట్టుకుని తన మొహంలోకి చూసి వెళ్లినవాళ్లు. పాల డబ్బా దాచినవాణ్ని పట్టే తన కళ్లకి అది అందలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"నేను ఎవరో ఆడదుందనుకున్నా" అంది. "పెట్టె కూడా దించా."

"ఏ ఆడది?"

"చర్చి ఆడది. పొడుగ్గా ఉంటుందనుకున్నా. పేరు కూడా పెట్టా."

"ఏం పేరు?"

"లొరెట్టా."

క్లియోటిస్ నవ్వాడు. గిన్నెలు కడిగే తొట్టి అంచు పట్టుకుని వంగిపోయి నవ్వాడు. కొంతసేపటికి అది నవ్వు కాకుండా పోయింది. ఆమె లేచి అతని వీపు మీద చెయ్యి వేసింది.

"అదే ఉంటే బావుండేది" అంది వెర్డెల్. "తలుపు బాది, జుట్టు పట్టుకుని బయటికి లాగి, నా మొగుణ్ని నాకిచ్చెయ్యవే అని అడిగేదాన్ని. ఈ పోలీసుల్నేమని అడగను?"